నూకాలమ్మ రూపు, నా తరుగు

పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట టంకం గురించి అడుగుతారు. తర్వాత మెరుగు గురించి అడుగుతారు. తరుగు గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. పెద్దాయన్ని అలా అడగడం మర్యాద కాదనుకుంటారు కాబోలు. ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి, ఊదుగొట్టం నోట పెట్టుకుంటే ఊపిరి చాలడం లేదు, కొట్టు ఇంకొకరికి అప్పజెప్పేశాను. కాబట్టి మీరు అడక్కపోయినా చెప్తాను.

ఆకురాయి పెడితే రాలే రజను, కరిగిస్తే మూసకి అంటుకునేది, కత్తిరించగా మిగిలిన ముక్క, ఇదంతా తరుగు. పనిలో కొంత పోవడం సహజమే. ఎంత పోయిందో మాత్రం కంసాలికి తప్ప ఎవరికీ తెలియదు. నాకు పని నేర్పిన మేనమామ చాలా నిపుణుడు. ఆయన నాకు మూడేళ్ళలో పని నేర్పాడు, మూడు రోజుల్లో తరుగు ఉంచుకోవడం నేర్పాడు. "అడిగితే ఇచ్చెయ్. అడక్కపోతే నీది" అనేవాడు. ఇది దొంగతనమని నాకు చాలాకాలం తట్టలేదు. మా ఇళ్ళలో అది అన్నం తిన్నంత మామూలు.

ఫిజీకి రైతునని చెప్పి వచ్చాను

కూలీలని ఓడెక్కించే డిపోలో కంసాలినంటే తీసుకోరని ఎవరో చెప్పారు. వాళ్ళకి చెరకు నరికేవాళ్ళు కావాలి. అరచేతులు చూస్తారని తెలిసి నెల రోజులు మా ఊరి పొలాల్లో పార పట్టి, బొబ్బలు కాయలయ్యాక వెళ్ళాను. కాగితంలో రైతునని రాసుకున్నారు. అయిదేళ్ళ గిర్మిట్, అంటే కూలి ఒప్పందం. ఓడ దిగాక వునిమోలి వైపున్న ఒక ఎస్టేటుకి పంపారు.

లైన్లలోకి, అంటే కూలీల గదుల వరసల్లోకి వచ్చిన నెల తిరక్కుండానే నా సంగతి అందరికీ తెలిసిపోయింది. ఒకావిడ ముక్కుపుడక మర ఊడితే చూస్తూ ఊరుకోలేక బిగించాను. అంతే, ఆదివారాలు నా గది ముందు జనం. పాత రైలుపట్టా ముక్క నాకు దాకలి. మడచెట్ల బొగ్గు. అతుకు పట్టించే వెలిగారం మాత్రం ఊరి నుంచి మూటలో తెచ్చుకున్నాను. వెండి ఎక్కడిదంటారా, కూలి డబ్బులే. రాజుగారి తల ఉన్న షిల్లింగులు తెచ్చి ఇచ్చేవాళ్ళు, నేను కరిగించేవాడిని. అది నేరమని తెలుసు. తెలిసి అందరం చేశాం. చేతిలో ఉంటే ఖర్చయిపోతుంది, ఒంటి మీదయితే ఉంటుందని ఆడవాళ్ళ పట్టుదల.

నా తరుగంతా పొడుం డబ్బాలో వేసేవాణ్ణి. రేకు డబ్బా, బొటనవేలంత లోతు. గిర్మిట్ తీరే నాటికి అది నిండితే సొంతంగా కొట్టు పెట్టుకోవచ్చని ఆశ.

అక్క

నూకాలమ్మ మా లైన్లోనే నాలుగు గదుల అవతల ఉండేది. భర్త అప్పలస్వామి. వాళ్ళది భీమునిపట్నం దగ్గర నేతవాళ్ళ కుటుంబం. అప్పలస్వామికి ఆమె రెండో పెళ్ళాం. మొదటామె ఊళ్ళోనే పురిట్లో పోయింది. మనలో ఉన్నదే కదా, పోయిన సవతి పేరున రెండో ఆమె మెడలో రూపు కడతారు. మామూలుగా గింజంత రేకు బిళ్ళ. ఈమె మెడలో ఉన్నది మాత్రం మూడు తులాలకి కాస్త తక్కువ తూగే పెద్ద వెండి నాణెం. ఆ ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా వేసుకుంటున్నది, మొదటామె వేసుకున్నది, ఆమె పోయాక ఆమె రూపుగా ఈమెకి కట్టారు. నూకాలమ్మ దాన్ని నాణెం అనేది కాదు. అక్క అనేది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, బిడ్డకి పాలు పట్టే ముందు ఒకసారి కళ్ళకద్దుకునేది. అక్కకి కోపం వస్తే బిడ్డ దక్కదని ఆమె భయం. అప్పటికి బిడ్డకి మూడు నెలలు.

ఒక ఆదివారం పొద్దున్న నా దగ్గరికి వచ్చింది. మెడలోంచి తీసినందుకు బదులుగా దారానికి పసుపుకొమ్ము కట్టుకుంది. దారం ఎక్కించే వలయం ఒక పక్క బాగా అరిగిపోయిందని చూపించింది.

"ఆచారి బావు, పన్లో ఎక్కడైనా ఊడిపోద్దని బయ్యంగుంది. సాయంత్రానికి ఇచ్చేయాల. అక్క లేకుండా నిద్దరోను."

ఆ పాత వలయం చూసి నా కళ్ళు మెరిశాయి. నిజమే రాస్తున్నాను. గోధుమగింజంత లావు కాడ, దిట్టమైన వెండి. ఎవరో పాతకాలపు పనివాడు పొదుపన్నది ఎరగకుండా చేసినది. ఆ అరిగిన పక్క కాస్త వెండి నింపితే ఇంకో వందేళ్ళు నడిచేది. నేను దాన్ని ఊడదీసి డబ్బాలో వేసుకున్నాను. డబ్బాలోంచి సన్న తీగ ముక్క తీసి కొత్త వలయం వంచి అతికాను. సాయంత్రం ఇచ్చేటప్పుడు "పాతదే కరిగించి కొత్తగా చేశానమ్మా" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంకో తప్పు చేశాను. నాణెం నల్లగా, అక్షరాల సందుల్లో పసుపు మడ్డి గట్టిపడి ఉంది. నల్లటి వెండి తిరిగి ఇవ్వడం మాకు నామోషీ. చింతపండు పులుసులో ఉడికించి, కుంకుడు నురుగుతో రుద్ది, అద్దంలా చేసి చేతిలో పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. "అక్కని ఎవురు తోమమన్నారు?" అంది. అదొక్కటే అంది. కొంగుతో కప్పుకుని వెళ్ళిపోయింది.

మెరుపు తెచ్చిన చిక్కు

నల్లగా ఉన్నన్నాళ్ళూ ఆ నాణేన్ని ఎవరూ పట్టించుకోలేదు. మంగళవారం ఆమె కుళంబర్ బంగళాలో వరండా కడుగుతోంది. కుళంబర్ అంటే మా మీద ఉండే తెల్ల దొర. వంగినప్పుడు నాణెం రవికలోంచి బయటికి జారి ఎండలో తళుక్కుమంది. ఆ దొరకి పాత నాణేలంటే పిచ్చి. చుట్టుపక్కల ఫిజీ గ్రామాల్లో, ఓడలు మునిగిన దిబ్బల దగ్గర దొరికిన పాత స్పెయిన్ నాణేలు కొని ఒక పెట్టెలో దాచుకునేవాడు. దగ్గరికి రమ్మని నాణెం తిప్పి చూశాడట. లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చి పోల్చుకున్నాడట. ఆ తర్వాత ఇది నా పెట్టెలోదే అన్నాడు.

మధ్యాహ్నానికి పోలీసు వచ్చాడు. నూకాలమ్మని బిడ్డతో సహా దగ్గరి పట్నం లబాసా లాకప్‌కి తీసుకుపోయారు. నాణెం దొర దగ్గరినుంచి కోర్టుకి వెళ్ళింది. విచారణ సోమవారం అన్నారు.

ఆ నాణెం ఏమిటో నాకప్పుడు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ముసలి ఫాదరీ కళ్ళజోడు అతికించుకోవడానికి మా కొట్టుకి వచ్చేవాడు. ఆయనది ఆ నాణెం పుట్టిన దేశమే. నేను నాణేన్ని పలక మీద గీసి చూపిస్తే వివరంగా చెప్పాడు. అది ఒలందా, అంటే హాలండు దేశపు వెండి నాణెం, ఆ రోజులకి దాదాపు రెండు వందల ఏళ్ళ నాటిది. ఒకవైపు కత్తి ఎత్తి గుర్రం మీద దూసుకుపోయే కవచధారి. రెండోవైపు కిరీటం కింద డాలు, దాన్ని పట్టుకున్న రెండు సింహాలు. డాలు కింద ఒకదానిలో ఒకటి అల్లుకున్న మూడు అక్షరాలు. అవి వాళ్ళ వ్యాపార కంపెనీ గుర్తు. మన తీరంలో బట్ట కొనడానికి వాళ్ళ దగ్గర మనకి కావలసిన సరుకేదీ లేదు, వెండి ఒక్కటే. ఓడలకొద్దీ వెండి తెచ్చి నేతవాళ్ళకి పోశారు. ఈ గుర్రపు నాణేనికి అక్కడికన్నా తూర్పు దేశాల్లో ఎక్కువ విలువ పలికేదట. అందుకని ఓడ కళాసులు నడుముకి కట్టుకుని దొంగచాటుగా తెచ్చి అమ్ముకునేవాళ్ళు. అది చూసి కంపెనీయే తన గుర్తు వేసి సొంతంగా కొట్టించింది. మన దేశం చేరినవి చేరినట్టే టంకశాలల్లో కరిగి రూపాయలైపోయాయి. ఆ గుర్తుతో మిగిలినవి అందుకే అరుదు అన్నాడు.

నేను తోమిన సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్నే చూస్తూ, "రెండు వందల ఏళ్ళు ఒక్క కుండ పులుసులో కడిగేశావు" అన్నాడు.

ఆరు రోజులు

మంగళవారం సాయంత్రం అప్పలస్వామి నా గది గుమ్మంలో కూచున్నాడు. ఏడవలేదు. నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"దొర ఏటంతన్నాడో ఎరుకా బావు? అతుకు కొత్తదంట. మొన్న మొన్న పెట్టిందంట. నాణెం దొంగిలించి, మెళ్ళో ఏసుకోడానికి కొత్తగా చెవి పెట్టించుకుందంట."

పుల్లతో ఇంకో గీత గీశాడు.

"పాతది ఉంటే సూపించుదుం. తరాలు పసుపు తాగిన చెవి అది. కరిగించేసినావు కదా, ఏం సేస్తాం. నీ తప్పేం నేదులే బావు. నీకేటి తెలుసు."

ఆ మాట అని లేచి వెళ్ళిపోయాడు. డబ్బా నా వెనకాలే, గోడ సందులో ఉంది. ఒక్క మాట అంటే చాలు. తిట్టి ఉంటే చెప్పేసేవాడినేమో. నీ తప్పు లేదనడంతో నా నాలుక మడతపడిపోయింది.

ఆ తర్వాత ఆరు రోజులు నేను చేసింది చెరకు నరకడం, లెక్కలు వేసుకోవడం. చెబితే ఏమవుతుంది? కంసాలినని బయటపడుతుంది, డిపోలో అబద్ధమాడానని తేలుతుంది. గిర్మిట్ ఇంకా రెండేళ్ళుంది, ఇంకో ఏడాది కలిపితే? వెండి ఎక్కడిదంటారు, రాజుగారి షిల్లింగులు కరిగించానని చెప్పాలి, నాతోపాటు లైనంతా ఇరుక్కుంటుంది. ఇలా వంద కారణాలు దొరికాయి. ఒక్కొక్కటీ నిజమే. కానీ వాటన్నిటి కింద ఉన్నది ఒక్కటే, నేను ఇంటివాళ్ళ సొమ్ము నొక్కానని ఆ ఇంటివాళ్ళకే తెలుస్తుంది. జైలుకన్నా నాకు అదే భయం. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా రాస్తున్నాను.

గురువారం లాకప్ దగ్గరికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు బిడ్డకి ఒళ్ళు కాలుతోందన్నారు. అక్క మెడలో లేదు గనకే అని నూకాలమ్మ గోడకి తల కొట్టుకుంటోందట. ఆ రోజు చెరకు నరుకుతుంటే కత్తి గురి తప్పి నా కాలి పిక్క చీరుకుపోయింది. నొప్పి తెలియలేదు.

పొడుం డబ్బా

సోమవారం లైను నుంచి ఇరవై మంది దాకా సెలవడిగి లబాసా కోర్టుకి నడిచాం. డబ్బా నా నడుముకి కట్టుకున్నాను. తెచ్చాను గాని తీస్తానని నాకే నమ్మకం లేదు.

మేజిస్ట్రేటు పలచటి మనిషి, మాటిమాటికీ దగ్గుతున్నాడు. మద్రాసు వైపు నుంచి వచ్చిన దుబాసీ ఒకడు మా తెలుగుని ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాడు. దొర నాణెం ఏ దేశానిదో, ఎందుకు అరుదో చెప్పాడు. ఇలాంటిది కూలి ఆడదాని దగ్గర ఉండే వీలే లేదన్నాడు. పోయిన నెలే కొన్నానని, తన జాబితాలో ఇంకా రాసుకోలేదని అన్నాడు. అతుకు కొత్తదని భూతద్దం ఇచ్చి చూపించాడు. అప్పలస్వామి తమ ముత్తాతల కథ చెప్పాడు. మొగుడి మాట ఎవరు నమ్ముతారు? బిడ్డ మూలుగుతూనే ఉంది.

అతుకు పెట్టినవాడెవడని అడిగితే నన్ను నిలబెట్టారు.

"ఇంతకు ముందు దీనికి వలయం ఉండేదా?" అని దుబాసీ అడిగాడు.

"ఉండేదండి."

"ఏమైంది?"

నూకాలమ్మ నా వైపు చూస్తోంది. ఆ చూపులో ఆశ లేదు. కరిగిపోయిందన్న సమాధానం ఆమెకి ముందే తెలుసు మరి. నేను నడుముకున్న డబ్బా విప్పి బల్ల మీద పెట్టాను.

"కరిగించలేదండి. ఉంచేసుకున్నాను."

దుబాసీ వెంటనే మార్చి చెప్పలేదు. "ఏమిటీ?" అన్నాడు తెలుగులోనే. మళ్ళీ చెప్పాను. మేజిస్ట్రేటు డబ్బాలోది కాగితం మీద బోర్లించాడు. పాత వలయం వెతికి తీసి ఇచ్చాను. గుండుసూదితో దాని లోపల గీరితే గట్టిపడిన మడ్డి పొడిపొడిగా రాలింది. వేలితో తెల్లకాగితం మీద రాస్తే పసుపుపచ్చటి గీత పడింది. అప్పుడు నాణెం అంచు చూడమన్నాను. నా సన్న తీగ అతుకుకి రెండు పక్కలా పాత అతుకు మచ్చ ఉంది, దాన్ని పూర్తిగా ఆకురాయి పట్టే ఓపిక నాకు లేకపోయింది. పాత వలయం కాళ్ళు ఆ మచ్చ మీద పెడితే సరిగ్గా కూచున్నాయి. ఇంకొకటి కూడా చూపించాను. గుర్రపువాడి ముఖం, కత్తి చెక్కుచెదరలేదు. సింహాలవైపు మాత్రం గీతల ఆనవాళ్ళే మిగిలి నున్నగా పలకబారిపోయింది. చేతులు మారిన నాణెం రెండు వైపులా అరుగుతుంది. పెట్టెలో దాచింది ఏ వైపూ అరగదు. ఒక్కవైపే అరిగిందంటే అది మనిషి గుండె మీద అరిగింది.

మేజిస్ట్రేటు కాగితం మీద మిగిలినవాటిని వేలితో కదిపి, ఇవన్నీ ఏమిటన్నాడు.

ముక్కుపుడక మర, కడియం చివర, చేతి మురుగు తెగిన ముక్క, మొలతాడు పూస. అవి ఎవరివో వాళ్ళందరూ నా వెనకే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. పేర్లు చెప్పాను. ఒక్కొక్క పేరుకీ వెనక చిన్న కదలిక వినిపించింది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

కేసు కొట్టేశారు. నాణెం ఆమెదే అన్నారు. ఆ తర్వాత మేజిస్ట్రేటు నూకాలమ్మని అడిగాడు, ఈ కంసాలి నీ సొమ్ము దొంగిలించానని ఒప్పుకున్నాడు, ఫిర్యాదు చేస్తావా అని. దుబాసీ తెలుగులో చెప్పాడు.

ఆమె నన్ను చూసింది. బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"ఆడు దొంగే బావు. మా దొంగ. మాం సూసుకుంతాం."

దుబాసీ దాన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పాడో గాని, మేజిస్ట్రేటు దగ్గుతూ డబ్బా నా వైపు తోసి కాగితాలు సర్దుకున్నాడు. నేను రైతునా కంసాలినా అని ఎవరూ అడగలేదు. నేను వారం రోజులు వణికిన షిల్లింగుల ఊసే రాలేదు.

దొర కావాలని అబద్ధమాడాడని నేను అనుకోను. మీలో కొందరు ఒప్పుకోరు. అది తనకి దక్కాలని అంత గట్టిగా కోరుకున్నాడు, కోరుకున్నదాన్ని నమ్మేశాడు. నాకు ఆ జబ్బు తెలుసు. తరుగు నాదని నేను పన్నెండేళ్ళు నమ్మాను.

వాళ్ళు చూసుకున్న తీరు

తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఆదివారం ఒక్కొక్కరే వచ్చి, చేయి చాపి, తమ ముక్క తీసుకుని వెళ్ళారు. నూకాలమ్మ చివర వచ్చింది. బిడ్డకి జ్వరం తగ్గింది. పాత వలయమే పెట్టమంది. నా ఎదురుగా గొంతుక్కూచుని, నిప్పు రాజేసిన దగ్గర్నుంచి చల్లారేదాకా నా చేతుల మీంచి చూపు తిప్పలేదు. పొగకి కళ్ళు నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. అరిగిన పక్క నా వెండితో నింపి అతికాను. తోమలేదు.

దాని తర్వాత ఏడాదికి పైగా ఎవరూ నాకు పని ఇవ్వలేదు. విరిగిన నగని వేరే దీవిలో ఉన్న ద్రాసాకి వెళ్ళే చుట్టాల చేత పంపి బాగుచేయించుకున్నారు గాని నా గుమ్మం తొక్కలేదు. నూకాలమ్మకి బంగళా పని పోయి చేలో గట్టి పని పడింది. అదీ నా మెరుగు పుణ్యమే.

నా గిర్మిట్ తీరడానికి నాలుగు నెలలుందనగా ఒక ఆదివారం పొద్దున్న ఆమె వచ్చింది. బిడ్డ అప్పటికి నడుస్తోంది. కొంగు ముడి విప్పి వెండి నా అరచేతిలో పెట్టింది.

"మా గుంటకి మొలతాడు సెయ్యి."

పీట జరిపి కూచోమన్నాను. ఆమె కూచోలేదు. బిడ్డ చెయ్యి పట్టుకుని వాగు వైపు బట్టలు ఉతకడానికి వెళ్ళిపోయింది.

నేను నిప్పు రాజెయ్యలేదు. వెండి ముందు పెట్టుకుని కూచున్నాను. మధ్యాహ్నం ఉతికిన బట్టలతో తిరిగి వస్తూ చూసింది.

"ఏటి, ఇంకా మొదలెట్టనేదా?"

"నువ్వు ఎదురుగా కూచుంటే చేస్తానమ్మా."

"నాకు వంట పనుంది" అంది, ఆగకుండా వెళ్ళిపోయింది.

ఇక తప్పలేదు. తలుపు బార్లా తీసి పెట్టి, కింద తెల్లగుడ్డ పరిచి పనికి కూచున్నాను. రాలిన రజను ప్రతి నలుసూ తడి వేలితో ఎత్తి ఆకులో పెట్టాను. నలభై ఏళ్ళు ఈ పని చేశాను, బంగారం చేశాను, రవ్వలు పొదిగాను. ఎవరూ చూడకుండా ఆ మొలతాడు చేసిన మధ్యాహ్నం భయపడినంతగా ఎప్పుడూ భయపడలేదు.